చివరి అధ్యాయం పరీక్షకు రాదట

మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. పరీక్ష ముందు రోజు రాత్రి నోట్సు నా చేతిలో పెట్టి, తను గదిలో అటూ ఇటూ తిరుగుతూ జవాబులు అప్పజెబుతుంది. మూడో తరగతి నాటి అలవాటు, ఇంకా వదల్లేదు. పోయిన వారం స్థూల అర్థశాస్త్రం వంతు వచ్చింది. జాతీయాదాయాన్ని లెక్కగట్టే మూడు పద్ధతులు, అంతిమ వస్తువులకూ మాధ్యమిక వస్తువులకూ తేడా, ఒకే సరుకు రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూసుకునే విధానం, ప్రస్తుత ధరలు, స్థిర ధరలు... ఎక్కడా తడబడలేదు. పేజీలు తిప్పుతూ చివరికి వచ్చాను. ‘ఆదాయ అసమానతలు’ అని శీర్షిక రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఆ తర్వాత తెల్ల కాగితం.

“ఇక్కడేమీ రాసుకోలేదేం?”

“అది చివరి అధ్యాయం అమ్మా. పరీక్షకు రాదట. వచ్చినా ఛాయిస్‌లో వదిలేసుకోవచ్చట.”

ఆ ‘అట’ ఎవరిదో నేను అడగలేదు. నేను చదువుకున్న రోజుల్లోనూ అది చివరి అధ్యాయమే. మాకూ రాలేదు. ఉద్యోగంలో చేరి, ఇరవై ఏళ్లకు పైగా అకౌంట్స్ విభాగంలో జీతాల పట్టికలు చూశాక గాని ఆ అధ్యాయం విలువ నాకు తెలియలేదు. అందుకే ఆ ఖాళీ పేజీ చూస్తే కొంచెం కోపం వచ్చింది. పిల్ల మీద కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దేశంలో ఎంత తయారైంది అనేది మొదటి అధ్యాయంగా, అది ఎవరెవరికి చేరింది అనేది వీలుంటే చెప్పే చివరి అధ్యాయంగా పెట్టినప్పుడు, ఆ వరుసే ఒక పాఠం చెబుతుంది. మొత్తం అసలు విషయమనీ, పంపకం తీరిక ఉన్నప్పుడు చూసుకునే సంగతనీ. ఈ మాట ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. రాసి ఉంటే కనీసం వాదించవచ్చు.

రెండుగా కోసిన మనిషి

1929 షేర్ మార్కెట్ పతనం తర్వాత అమెరికా ఆర్థిక వ్యవస్థ కూలుతోందని కంటికి కనిపిస్తూనే ఉంది గాని, ఎంత కూలిందో చెప్పే అంకె ప్రభుత్వం దగ్గర లేదు. రైలు వ్యాగన్లలో ఎంత సరుకు కదిలింది, షేర్ల ధరలు ఎలా ఉన్నాయి లాంటి ముక్కలు తప్ప మొత్తం బొమ్మ ఎవరికీ తెలియదు. సెనేట్ కోరిక మీద ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ ఆ లెక్క కట్టాడు. 1934 జనవరిలో వచ్చిన నివేదిక ప్రకారం 1929 నుంచి 1932 మధ్య జాతీయాదాయం దాదాపు సగానికి పడిపోయింది. దేశంలో ఏడాదికి తయారైనదాని మొత్తం విలువే జీడీపీ. దాని మీద కసురుకునే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నాకు నేను చెప్పుకుంటుంటాను. ఆ అంకె లేనప్పుడు జనం పడ్డ పాట్లు ప్రభుత్వానికి గాలివార్తల్లా ఉండేవి.

ఆ నివేదికలో ఒక వాక్యం బాగా ప్రసిద్ధం. జాతీయాదాయం కొలతను బట్టి జాతి సంక్షేమాన్ని అంచనా వేయడం కుదరదని కుజ్నెట్స్ అందులో హెచ్చరించాడు. జీడీపీని విమర్శించే ప్రతి వ్యాసంలోనూ అది కనిపిస్తుంది. అయితే అదే పేరాలో దానికి కొంచెం ముందు ఇంకో వాక్యం ఉంది. ఆదాయం మనుషుల మధ్య ఎలా పంపకమైందో తెలియకపోతే ఆర్థిక సంక్షేమాన్ని సరిగా కొలవలేమని. మొదటి నివేదికలోనే, కొలత పుట్టిన రోజునే, పుట్టించినవాడే చెప్పిన మాట ఇది. ప్రసిద్ధమైన వాక్యానికి ఆయన చూపిన కారణాల్లో ఇదొకటి. పర్యవసానాన్ని అందరూ ఉటంకిస్తారు, కారణాన్ని వదిలేస్తారు.

ఆయన ఊరికే అని ఊరుకోలేదు కూడా. 1953లో అమెరికాలో పై వర్గాల ఆదాయ వాటాల మీద పెద్ద అధ్యయనం ప్రచురించాడు. 1955లో ఆర్థికాభివృద్ధికీ అసమానతకూ ఉన్న సంబంధం మీద ఒక వ్యాసం రాశాడు. దేశం ఎదిగే క్రమంలో అసమానత మొదట పెరిగి తర్వాత తగ్గవచ్చన్న ఆ ప్రతిపాదనే తిరగేసిన ‘యు’ ఆకారపు గీతగా పుస్తకాల్లో స్థిరపడింది. అదే వ్యాసంలో ఆయన తన వాదనలో 5 శాతం సమాచారం, 95 శాతం ఊహ అనీ, అందులో తన కోరిక కొంత కలిసిపోయి ఉండవచ్చనీ నిజాయితీగా ఒప్పుకున్నాడు. గీత మిగిలింది, ఒప్పుకోలు జారిపోయింది. ఇలాంటివి చూస్తే పాఠ్యపుస్తకం ఒక జల్లెడ అనిపిస్తుంది, కాకపోతే గింజలు కిందికి పోయి పొట్టు మిగిలే జల్లెడ.

అంటే ఈ రెండు కొలతలకూ పునాది వేసినవాళ్లలో ఒకే మనిషి ఉన్నాడు. ఆయనకు అవి ఒకే ప్రశ్నలోని రెండు భాగాలు. మనం ఆయన్ని నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని మొదట్లో, ఒక సగాన్ని చివర్లో అతికించుకున్నాం.

ఇంకా చిత్రం ఏమిటంటే, ఆ రెండు సగాలనూ కలిపే దారం మొదటి అధ్యాయంలోనే ఉంది. దాన్నే ఆదాయ మదింపు పద్ధతి అంటారు. ఉత్పత్తి ఎంతో తెలియాలంటే ఆ ఉత్పత్తి వల్ల అందరికీ వచ్చిన ఆదాయాలను కూడితే చాలు. రెండూ ఒకటే కావాలి. భాటకం (అంటే అద్దె), వేతనం, వడ్డీ, లాభం. మా అమ్మాయి ఈ నాలుగింటినీ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది. నాలుగు సంచుల్లో ఎంతెంత పడిందో చెప్పాక, ఏ సంచి ఎవరి ఇంటికి వెళ్లిందన్న ప్రశ్న సహజంగా రావాలి. వేతనం అనే సంచిలో కంపెనీ అధిపతి జీతమూ ఉంటుంది, అదే కంపెనీలో నేల తుడిచే మనిషి కూలీ ఉంటుంది. అయినా పుస్తకం అక్కడ కూడిక గీత గీసి, మొత్తం వేసి, తరుగుదల వైపు వెళ్లిపోతుంది.

అయిదుగురు మనుషుల దేశం

మాటలతో లాభం లేదని ఆ ఖాళీ పేజీ మీదే పెన్సిలుతో ఒక దేశాన్ని గీశాను. అందులో అయిదుగురే ఉంటారు. ఏడాదికి వాళ్ల ఆదాయాలు వరుసగా 10, 20, 30, 40, 100. మొత్తం 200. తలసరి ఆదాయం 40. అంటే అయిదుగురిలో ముగ్గురు తలసరి ఆదాయం కంటే కిందే ఉన్నారు, ఒకరు సరిగ్గా దాని మీద కూర్చున్నారు.

మరుసటి ఏడాది అయిదో మనిషి ఆదాయం 20 శాతం పెరిగి 120 అయింది. మిగతా నలుగురికీ 5 శాతం చొప్పున తగ్గింది. అంటే 9.5, 19, 28.5, 38. ఇప్పుడు కూడితే 215. ధరలు మారలేదనుకుంటే దేశం 7.5 శాతం వృద్ధి చెందింది. తలసరి ఆదాయం 40 నుంచి 43కు పెరిగింది.

“అయిదుగురిలో నలుగురికి తగ్గింది కదా!” అంది మా అమ్మాయి.

అవును. లెక్క తప్పలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. వృద్ధి రేటు అంటే ఏమిటో విప్పి చూస్తే కారణం తెలుస్తుంది. దేశ వృద్ధి రేటు అనేది ఒక్కొక్కరి వృద్ధి రేట్ల సగటే. కాకపోతే అందులో ఒక్కొక్కరికి ఇచ్చే బరువు వాళ్ల ఆదాయ వాటా. అయిదో మనిషి చేతిలో దేశ ఆదాయంలో సగం ఉంది కాబట్టి అతని 20 శాతంలో సగం, అంటే 10, లెక్కలోకి వస్తుంది. మిగతా నలుగురికీ కలిపి ఇంకో సగం బరువు. వాళ్ల 5 శాతం నష్టం 2.5గా మారుతుంది. 10లో 2.5 తీసేస్తే 7.5. ఎన్నికల్లో మనిషికో ఓటు. ఇక్కడ సంపాదనను బట్టి ఓట్లు. మొదటి మనిషికి ఒక ఓటు ఉంటే అయిదో మనిషికి పది.

మనిషికో ఓటు ఇచ్చి చూద్దామంటే అది కష్టమైన లెక్కేమీ కాదు. అయిదుగురి వృద్ధి రేట్లనూ మామూలుగా సగటు కడితే సరి. ఒకరికి 20, నలుగురికి మైనస్ 5. కలిపితే సున్నా. అదే దేశం, అదే ఏడాది. ఒక లెక్కలో 7.5, ఇంకో లెక్కలో సున్నా. సరిగ్గా మధ్యలో ఉన్న మనిషిని అడిగితే మైనస్ 5.

ఇది నేను కనిపెట్టిన విషయం కాదు. 1974లోనే ఆర్థికవేత్తలు మాంటెక్ సింగ్ అహ్లూవాలియా, హోలిస్ చెనరీ ఇదే చెప్పారు. వృద్ధి రేటులో ఆదాయ వాటాను బరువుగా వాడటం ప్రకృతి నియమమేమీ కాదనీ, అన్ని వర్గాలకూ సమానమైన బరువు గాని, పేదలకు ఎక్కువ బరువు గాని ఇచ్చి కూడా లెక్కించవచ్చనీ చూపించారు. అంటే మనం వాడే లెక్కలోనూ ఒక ఎంపిక ఉంది. యాభై ఏళ్లు గడిచాయి. మొదటి సంవత్సరం విద్యార్థికి బరువుల సగటు అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ధరల సూచీ పాఠంలో వాళ్లతో చేయించేది అదే.

ఆ అయిదో మనిషి దేశంలోనే లేకపోతే? అదీ జరిగింది. 2015లో ఐర్లండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. కొన్ని బహుళజాతి సంస్థలు తమ మేధో సంపత్తి లాంటి ఆస్తులను కాగితాల మీద అక్కడికి తరలించడం అందుకు ప్రధాన కారణం. ఐరిష్ ప్రజల జీవితం ఆ ఏడాది నాలుగో వంతు మెరుగుపడిందని ఎవరూ నమ్మలేదు. చివరికి ఆ దేశ గణాంక సంస్థే ఇలాంటివి మినహాయించి, సవరించిన జాతీయాదాయం అనే వేరే కొలతను తయారుచేసుకోవలసి వచ్చింది. నలుగురూ నవ్వుకున్న ఉదంతం ఇది. నవ్వు వచ్చింది 26 అన్న అంకె మరీ పెద్దది కాబట్టి. అదే 2 శాతం తేడా అయి ఉంటే ఎవరి కంటా పడేది కాదు.

నేను టైపు చేసిన వాక్యం

సగటు ఎంత అమాయకంగా మోసం చేస్తుందో నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. నేను పనిచేసిన ఒక సంస్థలో తొంభై మంది ఉండేవాళ్లం. ఒక ఏడాది యాజమాన్యం ఖర్చు తగ్గించుకోవడానికి శుభ్రత పనివాళ్లనూ, కాపలావాళ్లనూ, డ్రైవర్లనూ, మొత్తం పంతొమ్మిది మందిని, ఒక కాంట్రాక్టరు కిందికి మార్చింది. మనుషులు వాళ్లే, పని అదే, గేటు దగ్గర నమస్కారం కూడా అదే. జీతాల పట్టికలోంచి మాత్రం పంతొమ్మిది వరుసలు పోయాయి. మిగిలినవాళ్లలో ఆ ఏడాది ఎవరికీ పెంపు రాలేదు.

వార్షిక నివేదికకు అంకెలు అడిగితే నేనే లెక్క కట్టి పంపాను. ఉద్యోగుల సగటు జీతం 12 శాతం పెరిగింది. తక్కువ జీతాలవాళ్లు లెక్కలోంచి తప్పుకుంటే సగటు పెరగక ఏం చేస్తుంది? ‘ఉద్యోగుల సగటు వేతనంలో గణనీయమైన పెరుగుదల’ అన్న వాక్యం టైపు చేసింది నేనే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ రోజు నాకు తప్పు చేసినట్టు కూడా అనిపించలేదు. కూడిక సరిపోయింది, కాగితం సంతకానికి వెళ్లింది.

చాలా ఏళ్ల తర్వాత ఆ వాక్యం మళ్లీ గుర్తుకొచ్చింది. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల అమెరికాలో నిరుద్యోగిత 14 శాతం దాటిన నెలలో, గంటకు వచ్చే సగటు వేతనం ఒక్క నెలలోనే 4.7 శాతం పెరిగినట్టు గణాంకాలు వచ్చాయి. హోటళ్లలో, దుకాణాల్లో తక్కువ కూలికి పనిచేసేవాళ్లు లక్షల సంఖ్యలో ఉద్యోగాలు పోగొట్టుకుని సగటులోంచి బయటపడ్డారు. గణాంక సంస్థ తన ప్రకటనలోనే ఆ సంగతి వివరించింది. మా సంస్థ నివేదికలో ఆ వివరణ లేదు. రాయాలని నాకు తోచలేదు, రాయమని ఎవరూ అడగలేదు.

నా వాదనకు అడ్డం వచ్చేవి

మా అమ్మాయి వాదనలో నా కంటే గట్టిది. మనిషికో ఓటు లెక్కను రెండు నిమిషాల్లో పడగొట్టింది. “మొదటి మనిషి ఆదాయం 1 నుంచి 3కు పెరిగితే 200 శాతం కదా అమ్మా. అప్పుడు అతనొక్కడే సగటును ఆకాశానికి ఎత్తేస్తాడు. పోయిన ఏడాది సంపాదన లేనివాళ్ల సంగతి ఏమిటి? సున్నా నుంచి పెరిగితే శాతం ఎలా తీస్తావు?”

నిజమే. అందుకే ఈ లెక్కను ఒక్కో మనిషికి కాకుండా జనాభాను పది భాగాలు చేసి, ఒక్కో భాగానికి కడతారు. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఈ ఏడాది అట్టడుగు పదో వంతులో ఉన్నవాళ్లు పోయిన ఏడాది ఉన్నవాళ్లే కానక్కర్లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు ఈ ఏడాది కింద ఉంటాడు, పదేళ్లకు పైకి వస్తాడు. రిటైరైన ఉద్యోగి కిందికి దిగుతాడు. వర్గాల వాటాలు ఎలా మారాయో చెప్పే అంకె, ఆ వర్గంలోని మనుషులకు ఏం జరిగిందో చెప్పదు. అసమానత గురించి వేడిగా మాట్లాడేవాళ్లు, నాతో సహా, ఈ తేడాను తరచుగా మింగేస్తుంటారు.

అసమానతకు అందరూ వాడే గిని గుణకం కూడా నాకు పూర్తిగా నచ్చదు. అందరికీ సమానంగా వస్తే సున్నా, అంతా ఒక్కరికే పోతే ఒకటి, అంతవరకు బాగుంది. మన అయిదుగురి దేశంలో అది 0.40 నుంచి సుమారు 0.45కు పెరిగింది. కానీ రెండు దేశాలను ఊహించండి. ఒక దేశంలో సగం మందికి ఏమీ రాదు, మిగతా సగం మంది అంతటినీ సమానంగా పంచుకుంటారు. ఇంకో దేశంలో పది మందిలో ఒకరికి మొత్తం ఆదాయంలో 60 శాతం పోతుంది, మిగతా తొమ్మిది మంది 40 శాతాన్ని సమానంగా పంచుకుంటారు. రెండింట్లోనూ గిని గుణకం 0.5. మొదటి దేశంలో సగం జనం ఆకలితో మాడుతున్నారు, రెండో దేశంలో ఎవరి పొయ్యీ ఆరిపోలేదు. ఒకే అంకెలోకి కుదించాలన్న ఆశే జీడీపీ తప్పు అని తిట్టిపోసి, పంపకం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఒకే అంకె పట్టుకు వేలాడితే ఎలా? నాకైతే పది భాగాల వాటాలు వరుసగా రాసి ఉన్న చిన్న పట్టికే ఎక్కువ చెబుతుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. జీడీపీని ఒక్కొక్కరికీ పంచి చూపించమనడం తేలిక, పంచడం తేలిక కాదు. ఇంటింటి సర్వేలలో బాగా డబ్బున్నవాళ్లు తలుపు తీయరు, తీసినా పూర్తిగా చెప్పరు. పన్ను రికార్డుల్లో పన్ను కట్టేవాళ్లే ఉంటారు. పోనీ రెండూ కలిపి చూద్దామంటే, దేశ ఉత్పత్తిలో సైన్యం, పోలీసు, రోడ్లు కూడా ఉన్నాయి. వాటి విలువ ఎవరి ఖాతాలో రాయాలి? అందరికీ సమానంగానా, ఆదాయాన్ని బట్టా? పన్ను ఎగ్గొట్టిన ఆదాయం ఎవరిది? అమెరికా విషయంలో ఆర్థికవేత్తలే ఒకవైపు థామస్ పికెట్టీ, ఇమాన్యుయెల్ సాయెజ్, గాబ్రియెల్ జుక్మన్, మరోవైపు జెరాల్డ్ ఆటెన్, డేవిడ్ స్ప్లింటర్ ఇలాంటి ప్రశ్నల మీదే విడిపోయారు. చాలావరకు ఒకే పన్ను రికార్డులు. మొదటివాళ్ల లెక్కలో అందరికంటే పైన ఉన్న ఒక శాతం మంది ఆదాయ వాటా బాగా పెరిగింది. రెండోవాళ్ల లెక్కలో పన్నులు, ప్రభుత్వ సాయం కలుపుకున్నాక 1960ల నుంచి అది పెద్దగా మారలేదు. ఇద్దరివీ తెలివితక్కువ లెక్కలేమీ కావు.

ఇదంతా ఆలోచించినప్పుడు, ఆ అధ్యాయాన్ని చివర్లో పెట్టినవాళ్ల మీద నాకు కొంత జాలి కలుగుతుంది. తేలిన లెక్క ముందు చెప్పి, తేలని లెక్క తర్వాత చెబుదామనుకుని ఉంటారు. కానీ జీడీపీ తేలిన లెక్క అని వాళ్లకు ఎవరు చెప్పారు? 2014లో నైజీరియా లెక్కకు ఆధార సంవత్సరాన్ని మార్చి, అంతకు ముందు సరిగా పట్టుబడని రంగాలను కలుపుకునేసరికి జీడీపీ 89 శాతం పెరిగింది. రాత్రికి రాత్రి ఆఫ్రికాలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. ఆ రాత్రి ఎవరి ఇంట్లోనూ ఏమీ మారలేదు. సొంత ఇంట్లో ఉండేవాళ్లు తమకు తామే అద్దె కట్టుకుంటున్నట్టు ఊహించి, ఆ ఊహ విలువను జీడీపీలో కలుపుతారు. ఇన్ని ఊహలను మొదటి అధ్యాయంలో మొహమాటం లేకుండా నేర్పగలిగినవాళ్లకు, పంపకం దగ్గరికి వచ్చేసరికి ఖచ్చితత్వం మీద ఇంత పట్టింపు ఎందుకో నాకు అంతుబట్టదు.

నిజమైన తేడా ఖచ్చితత్వంలో కంటే వేగంలో ఉందని నా అనుమానం. జీడీపీ మూడు నెలలకోసారి వస్తుంది. అమెరికాలో అయితే త్రైమాసికం ముగిసిన నెల రోజులకే మొదటి అంచనా వస్తుంది. అందుకే అది వార్త. అసమానత లెక్క ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. అప్పటికి అది చరిత్ర. వార్త మొదటి పేజీకి వెళుతుంది, చరిత్ర చివరి అధ్యాయానికి. అమెరికా ఆర్థిక విశ్లేషణ విభాగం 2020లో వ్యక్తిగత ఆదాయం ఏ వర్గానికి ఎంత చేరిందో కూడా ప్రచురించడం మొదలుపెట్టింది, అదీ ఏడాది లెక్కగా, బాగా ఆలస్యంగా. ఏదో ఒక రోజు వృద్ధి రేటు ప్రకటించే కాగితం మీదే, దాని పక్క గడిలో, పది భాగాల వృద్ధి రేట్లు కూడా వస్తాయనుకుంటాను. అప్పుడు పుస్తకాల వరుస మారక తప్పదు.

గుమ్మం దగ్గర ఆగిపోయే లెక్క

ఒక సంగతి మాత్రం ఈ రెండు అధ్యాయాల్లో ఎక్కడా లేదు. మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టినప్పుడు మొదట కొన్నాళ్లు ఒక ఆయాను పెట్టుకున్నాం. తర్వాత కుదరక నేను ఉద్యోగం మాని రెండేళ్లు ఇంట్లో ఉన్నాను. ఆయా జీతం పోయింది కాబట్టి జాతీయాదాయం అంత తగ్గింది, నా జీతం పోయింది కాబట్టి ఇంకొంత తగ్గింది. మంచం మీద మనిషిని పక్కకు తిప్పడం, దుప్పట్లు మార్చడం, రాత్రి రెండింటికి లేచి మందు వేయడం యథాతథంగా జరిగాయి. ఇంటి పనిమనిషిని యజమాని పెళ్లి చేసుకుంటే జాతీయాదాయం తగ్గుతుందని ఆర్థికవేత్త పిగూ 1920లోనే ఎత్తిచూపాడు. అందరూ దాన్ని చమత్కారంగా చెబుతారు. నాకు ఆ చమత్కారం రెండేళ్లు పట్టింది.

కానీ నన్ను ఎక్కువ గుచ్చింది జీడీపీ కాదు, రెండో లెక్క. అసమానతను సాధారణంగా ఇంటి ఆదాయాన్ని బట్టి లెక్కిస్తారు. ఇంట్లో వచ్చిన డబ్బును అందరూ సమానంగా అనుభవిస్తారని అనుకుంటారు. ఆ రెండేళ్లూ మా ఇంట్లో నలుగురం. మా ఆయన జీతాన్ని నలుగురికీ పంచితే గిని గుణకం దృష్టిలో నాకూ ఆయనతో సమానమైన ఆదాయం ఉంది. వాస్తవంలో చెప్పులు కొనుక్కోవాలన్నా అడగవలసి వచ్చేది. ఆయన ఎప్పుడూ కాదనలేదు. అడగవలసి రావడమే లెక్క. పంపకాన్ని కొలిచే పద్ధతి కూడా గుమ్మం దగ్గర చెప్పులు విప్పి బయటే నిలబడుతుందని అప్పుడు అర్థమైంది. అందుకే పంపకం అధ్యాయాన్ని ముందుకు తెమ్మంటున్నప్పుడు, అది వస్తే అన్నీ కనిపిస్తాయని నేను అనడం లేదు. కొన్ని కనిపిస్తాయి.

పరీక్ష అయ్యాక మా అమ్మాయిని అడిగాను, చివరి అధ్యాయం నుంచి ఏమైనా వచ్చిందా అని. రాలేదట. మూడు పద్ధతులే వచ్చాయి, బాగా రాసిందట. నోట్సు అటకెక్కించే ముందు ఆ ఖాళీ పేజీ తెరిచి, నా పెన్సిలు గీతల మీద పెన్నుతో దిద్ది పెట్టుకుంది. 10, 20, 30, 40, 100.

“ఈ అయిదుగురిలో నువ్వెవరు అమ్మా?”

“మూడు” అన్నాను ఆలోచించకుండా.

“అందరూ మూడే అంటారు” అంది. తర్వాత కాసేపు పేజీ వైపు చూసి, “ఆ పంతొమ్మిది మందీ?” అంది.

మొదటి వరుస చూపించాను.

“అక్కడెలా ఉంటారు? నువ్వు పట్టికలోంచి తీసేశావు కదా.”

పదికి ఎడమ పక్కన, మార్జిను గీతకు అవతల, చిన్నగా 19 అని రాసి నోట్సు మూసింది.